బోరు నీళ్లలో యురేనియం: ‘నానో’ క్యాట్రిడ్జ్ నిజంగా పట్టుకుంటదా?

రాళ్లవాగు (నల్గొండ జిల్లా) – సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ నీళ్ల సంగతి తెలిసినోళ్లు ఉన్నరని మా దోస్తు చెప్తే చేరిన.

మాది దేవరకొండ దిక్కు. ఇల్లు ఊళ్లె కాదు, పొలం కాడ. అమ్మ నాయిన అక్కడనే ఉంటరు, నేను హైదరాబాద్‌ల పనిచేస్త. పదిహేనేండ్ల కింద 420 అడుగుల బోరు ఏసినం. తాగుటానికి, వండుటానికి, పొలానికి అన్నిటికీ అవే నీళ్లు. మొన్న నాయినకు క్రియాటినిన్ (కిడ్నీలు ఎట్ల పనిచేస్తున్నయో చూసే రక్తపరీక్ష) జర ఎక్కువొచ్చింది. షుగర్ కూడ ఉంది కాబట్టి దేనివల్ల అనేది చెప్పలేమన్నరు డాక్టరుగారు. నాకు మనసు ఒప్పక బోరు నీళ్లు పరీక్షకు ఇచ్చిన. ఫ్లోరైడ్ లీటరుకు 1.9 మిల్లీగ్రాములు. అది మా దిక్కు కొత్త ముచ్చట కాదు. దాని కింద ఇంకో లైను ఉంది: యురేనియం లీటరుకు 68 మైక్రోగ్రాములు. ఆ కాగితం పట్టుకొని ల్యాబ్ బయట మెట్ల మీదనే కూసున్న.

రెండు రోజులకు ఒక ఫిల్టర్లు అమ్మేటాయన ఫోన్ చేసిండు. ‘మాడిఫైడ్ నానో మెటీరియల్ క్యాట్రిడ్జ్, రేడియేషన్ మొత్తం పీల్చేస్తది, 99.9 శాతం గ్యారంటీ’ అన్నడు. 24 వేలు. గ్రాము పౌడరుకు 400 మిల్లీగ్రాముల యురేనియం పడతదని ఒక గ్రాఫ్ కూడ పంపిండు. పైసలు ఎట్లనన్న పెడత. కానీ అది నిజంగ పనిచేస్తదా? నాయిన ఆరోగ్యం మీద ప్రయోగం చెయ్యలేను.

---

అనంత_గృహిణి – సోమవారం, రాత్రి 9:40

తమ్ముడూ, చదివితే గుండె ఝల్లుమంది. మాదీ బోరే. అప్పటిదాకా నీళ్లు కాచి ఇవ్వరాదా? రాగి బిందెలో పోసి ఉంచితే ఏమైనా తగ్గుతుందా? స్నానానికి కూడా వాడకూడదా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

---

రసాయన_మాష్టారు (గుంటూరు) – సోమవారం, రాత్రి 10:25

అమ్మా, ముందు కాచడం గురించి. వద్దు. సూక్ష్మక్రిములకు మరిగించడం మందు, లోహానికి కాదు. నీరు ఆవిరై పోతుంది, యురేనియం గిన్నెలోనే ఉంటుంది. అంటే లీటరుకు ఇంకాస్త పెరుగుతుంది. రాగి బిందె కూడా ఈ పని చేయదు. స్నానానికి, బట్టలకు భయపడక్కర్లేదు. యురేనియం చర్మం గుండా లోపలికి వెళ్లేది అత్యల్పం. సమస్య కడుపులోకి వెళ్లే నీటితోనే.

నాయనా రాళ్లవాగూ, ఆ మెట్ల మీద కూర్చున్న క్షణం నాకు అర్థమైంది. అందుకే లెక్క వివరంగా చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణమూ అదే. అణుశక్తి నియంత్రణ మండలి అంకె 60. నీ నీళ్లు 68, రెండింటికీ పైనే. కాబట్టి ఊరుకోకూడదు. అలాగని ‘రేడియేషన్’ అనే మాటకు హడలిపోకూడదు కూడా. ప్రకృతిలో దొరికే యురేనియం చాలా నెమ్మదిగా క్షీణిస్తుంది, అర్ధాయువు దాదాపు 450 కోట్ల సంవత్సరాలు. నీ లీటరు నీటిలో దాని రేడియోధార్మికత సుమారు 1.7 బెకరెల్ (సెకనుకు ఒక పరమాణువు క్షీణిస్తే ఒక బెకరెల్). ఈ స్థాయిలో మొదట దెబ్బతీసేది రేడియేషన్ కాదు, రసాయన విషం. అది పడేది మూత్రపిండాల మీద. నాన్నగారికి షుగర్ ఉందన్నావు కాబట్టి ఆ మూత్రపిండాలకు మరో భారం పెట్టకూడదు. డాక్టరుగారికి ఈ నీటి రిపోర్టు తప్పకుండా చూపించు.

రేపే చేయగల పని ఒకటుంది. ఊళ్లో నల్లా నీళ్లు వస్తుంటే తాగడానికి, వంటకు రోజుకు పది పన్నెండు లీటర్లు అక్కణ్నుంచి తెప్పించు. ఫిల్టరు సంగతి నిదానంగా తేలుద్దాం.

ఆ గ్రాఫు ఇక్కడ పెట్టగలవా?

---

సెండాయ్_తెలుగబ్బాయి – మంగళవారం, ఉదయం 6:50

నమస్తే అండీ. నేను జపాన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. అణు ప్రమాదాల్లో బయటపడే సీజియం అనే లోహాన్ని నీటిలోంచి తీసే నానో పదార్థాలే నా పని. ఫిల్టర్ల ఆయన మాటల్ని వెనకేసుకురావడం లేదు గానీ ‘నానో’ అనగానే మోసం అనుకోకండి. దీని వెనక చాలా గట్టి సైన్సు ఉంది.

మొదటి లాభం ఉపరితలం. ఒక సెంటీమీటరు ఘనాన్ని ఒక నానోమీటరు ఘనాలుగా తరిగామనుకోండి. ముందు 6 చదరపు సెంటీమీటర్లున్న ఉపరితలం 6,000 చదరపు మీటర్లవుతుంది, దాదాపు ఎకరంన్నర. చక్కెర పలుకంత ముక్కలో ఎకరంన్నర పొలం! అయాన్లు అతుక్కునేది ఉపరితలానికే కదా.

కానీ చోటుంటే సరిపోదు, ఎవరిని కూర్చోబెట్టాలో కూడా తెలియాలి. అందుకే ‘మాడిఫైడ్’. నేను వాడేది ప్రష్యన్ బ్లూ. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో రంగు కోసం చేసిన నీలం పొడి. దాని స్ఫటికంలో ఇనుము, సయనైడ్ కలిసి చిన్న చిన్న గూళ్లు కట్టుకుంటాయి. నీటిలో సోడియం తన చుట్టూ నీటి అణువుల్ని గట్టిగా కప్పుకుని తిరుగుతుంది, ఆ గుమ్మంలో పట్టదు. సీజియం ఆ కప్పును తేలిగ్గా వదిలేసి లోపలికి దూరుతుంది. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, వదిలేసిన క్యాన్సర్ చికిత్స యంత్రంలోంచి సీజియం 137 బయటపడి జనం ఒంట్లోకి చేరినప్పుడు ఈ నీలం పొడినే మందుగా మింగించారు.

చిక్కేమిటంటే పొడి మరీ సన్నం. నీటిలో వేస్తే మళ్లీ విడిపోదు, నీలంగా తేలుతూ ఉంటుంది. అందుకని అయస్కాంత గుణమున్న ఐరన్ ఆక్సైడ్ రేణువుల మీద దీన్ని పొరలా పెంచుతాం. నా బెంచీ మీద రోజూ జరిగేది ఇదే. 20 మిల్లీలీటర్ల సీసాలో 20 మిల్లీగ్రాముల పొడి వేసి షేకర్ మీద పెడతాను. తీశాక సీసా పక్కన అయస్కాంతం ఆనిస్తే ఆ నీలమంతా మబ్బులా కదిలి రెండు నిమిషాల్లో గాజుకు ఒకవైపున కాటుక గీతలా అతుక్కుంటుంది. మిగతా నీళ్లు తేటగా ఉంటాయి. నాలుగేళ్లుగా చూస్తున్నా, ఇప్పటికీ ఆ క్షణంలో చేయి కాసేపు ఆగుతుంది.

(నేను వాడేది రేడియోధార్మికత లేని సీజియం 133. రసాయనంగా రెండూ ఒకటే.)

యురేనియానికి ప్రష్యన్ బ్లూ కాదు. దానికి అమిడాక్సిమ్ అనే, యురేనియంను పట్టుకునే రసాయన గుంపును నానో పీచుల మీదో సిలికా మీదో అంటిస్తారు. సముద్రపు నీటిలో లీటరుకు 3.3 మైక్రోగ్రాముల యురేనియం ఉంటుంది, మీ బోరులో ఉన్నదానికి ఇరవయ్యో వంతు. దాన్నే అమిడాక్సిమ్ పట్టుకుంటోంది. మీ బోరు నీళ్లలో పట్టుకోలేదంటారా?

---

రాళ్లవాగు – మంగళవారం, ఉదయం 8:05

మాష్టారూ, శాన థ్యాంక్స్. పొద్దుగాలనే నాయినతోటి చెప్పిన. మా చిన్నాయిన కొడుకు బండి మీద ఊళ్లెకెల్లి రెండు క్యాన్లు తెచ్చిండు.

గ్రాఫ్ ఫోటో పెడుతున్న. కింద గీత మీద 0 నుంచి 200 దాక ఉంది, మిల్లీగ్రామ్స్ పర్ లీటర్ అని. పక్కన పీహెచ్ 5 అని రాసుంది.

---

రసాయన_మాష్టారు – మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఈ గ్రాఫులోనే జవాబుంది.

నీ ఇంట్లో తాగేందుకు, వండేందుకు రోజుకు 10 లీటర్లు అనుకుందాం. 68 చొప్పున 680 మైక్రోగ్రాములు. ఏడాదికి దగ్గర దగ్గర 250 మిల్లీగ్రాములు, అంతే. ఆయన చెప్పినట్టు గ్రాముకు 400 మిల్లీగ్రాములు పడితే ఒక్క గ్రాము పొడితో ఏడాదిన్నర గడిచిపోవాలి. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. మరి ఎందుకు కుదరదు?

ఎందుకంటే ఆ 400 వచ్చింది లీటరుకు 200 మిల్లీగ్రాముల యురేనియం కలిపిన నీటిలో. నీ నీటికంటే దాదాపు 3 వేల రెట్లు చిక్కన. చుట్టూ అంత యురేనియం మూగితే ఏ పదార్థమైనా కడుపునిండా తింటుంది. లీటరుకు 68 మైక్రోగ్రాముల దగ్గర అదే పదార్థం పట్టేది అందులో చిన్న భాగమే. అధిశోషణం (ఉపరితలానికి అతుక్కోవడం) చదివిన ఇంటర్ పిల్లలకు కూడా ఆ వంపు తెలుసు.

అంతకంటే ముఖ్యమైనది పక్కనున్న పీహెచ్ 5. స్వేదన జలంలో యురేనియం లవణం కలిపి, కాస్త ఆమ్లం చేర్చి పరీక్షించి ఉంటారు. అక్కడ యురేనియం ధనావేశమున్న యురేనిల్ అయానుగా ఉంటుంది, రుణావేశమున్న ఏ ఉపరితలానికైనా వెళ్లి అంటుకుంటుంది. నీ బోరు నీళ్ల పీహెచ్ 7 పైనే ఉంటుంది, బైకార్బనేటు బాగా ఉంటుంది, కాల్షియం ఉంటుంది. అక్కడ యురేనిల్‌ను మూడు కార్బనేట్లు చుట్టేస్తాయి, వాటి మీద కాల్షియం కూర్చుంటుంది. ఇప్పుడా గుంపుకు రుణావేశమో, లేదా అసలు ఆవేశమే లేకపోవడమో. ధనావేశం కోసం చేసిన పొడికి అది పక్కనుంచి వెళ్లినా తెలియదు.

సెండాయ్ బాబూ, నీ పని మీద నాకు గౌరవమే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, నానో అంటే నాకు చిన్నచూపు లేదు. కానీ చాలా పరిశోధనా వ్యాసాలు ఇలాంటి పోటీ లేని తేలిక నీటితోనే మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. ఆ అంకెను పట్టుకుని ఒకాయన రైతు ఇంటికి 24 వేలకు అమ్ముతుంటే నాకు కోపం వస్తోంది.

---

పెన్నా_తీరం (కడప) – మంగళవారం, సాయంత్రం 5:30

మాష్టారు చెప్పినదానికి మా ఊరి నుంచి ఒక ఆధారం. నేను జియాలజీ చదివినాను. వేముల మండలంలో తుమ్మలపల్లె యురేనియం గని ఉంది కదా, అక్కడ ఖనిజం ఉండేది డోలమైటు రాయిలో. అదంతా కార్బనేటే, ఆమ్లం పోస్తే ఆ ఆమ్లాన్ని రాయే తాగేస్తుంది. అందుకని అక్కడ సోడియం కార్బనేటు, బైకార్బనేటు ద్రావణంతో వేడి, ఒత్తిడి పెట్టి యురేనియంను కరిగిస్తారు. రాతిలోంచి యురేనియంను నీళ్లలోకి లాగడానికి ఫ్యాక్టరీ వాడే కిటుకు, బోరు లోపల నిదానంగా జరిగే పనీ ఒకటే.

నల్గొండ దిక్కు గ్రానైటు. గని ఏమీ లేకపోయినా రాతిలోనే కొద్దిగా యురేనియం ఉంటుంది. లోతు బోరులో నీళ్లు పగుళ్ల మధ్య ఏండ్ల తరబడి నిలబడి బైకార్బనేటు పట్టుకుంటాయి, దాంతో యురేనియం కదులుతుంది. ఫ్లోరైడు కూడా ఆ రాతిలోదే. అందుకే రాళ్లవాగు అన్న రిపోర్టులో రెండూ పక్కపక్కన వచ్చినాయి. ఎవరూ కలపలేదన్నా, నేలదే.

---

సెండాయ్_తెలుగబ్బాయి – మంగళవారం, రాత్రి 8:10

మాష్టారూ, కార్బనేటు విషయంలో మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను. పొద్దున నేను తొందరపడ్డాను. సముద్రంలో యురేనియం కూడా కార్బనేట్ల మధ్యే ఉంటుంది, అమిడాక్సిమ్ దాన్ని విడదీసి పట్టుకుంటుంది నిజమే, కానీ ఆ పీచును వారాల తరబడి నీటిలో ఉంచాలి. మీ క్యాట్రిడ్జ్ గుండా నీళ్లు ఒకట్రెండు నిమిషాల్లో వెళ్లిపోతాయి. సముద్రంలో వనేడియం అనే మరో లోహం కూడా అదే చోటు కోసం పోటీపడి చాలా సీట్లు ఆక్రమిస్తుంది. ఇది నేను చెప్పకుండా వదిలేయడం తప్పే.

అయితే ఒక్క విషయంలో మీతో విభేదిస్తాను. తేలిక నీటితో మొదలైన పని అక్కడే ఆగిపోలేదు. జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం చూడండి. 2011 మార్చి సునామీ తర్వాత రియాక్టర్ల కింద చేరిన నీటిలో సముద్రపు ఉప్పు కలిసిపోయింది. లీటరుకు పది లక్షల బెకరెల్ సీజియం 137 అంటే వినడానికి భయంకరం, కానీ బరువులో అది 0.3 మైక్రోగ్రాములే! సముద్రపు నీటిలో సోడియం లీటరుకు పదిన్నర గ్రాముల పైనే. అంటే మూడున్నర కోట్ల గ్రాముల సోడియం మధ్యలో ఒక గ్రాము సీజియంను ఏరాలి. మామూలు అయాన్ మార్పిడి రెజిన్ (ప్లాస్టిక్‌లాంటి గింజలు) అక్కడ సోడియంతోనే నిండిపోతుంది. అక్కడ నిలబడినవి జియోలైట్లు అనే సన్నని గూళ్లున్న ఖనిజాలు, ఆ తర్వాత సిలికోటైటనేట్లు, ఫెర్రోసయనైడ్లు (ప్రష్యన్ బ్లూ కుటుంబం), స్ట్రాంషియం కోసం టైటనేట్లు, అయోడిన్ కోసం వెండి ఎక్కించిన కార్బన్. గూడు సైజును అయానుకు సరిపోయేలా చెక్కితే పోటీని గెలవచ్చని చూపించింది ఇవే. 2013లో మొదలైన ఆల్ప్స్ అనే నీటి శుద్ధి వ్యవస్థను 62 రకాల రేడియోధార్మిక పదార్థాలను తగ్గించేలా కట్టారు.

టైటనేట్ నానో పీచుల గురించి చెప్పకుండా ఉండలేను. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ వాళ్లు చేశారు. సన్నని పొరలు, మధ్యలో సోడియం. సీజియం లేదా స్ట్రాంషియం వచ్చి సోడియంను తోసి ఆ చోట కూర్చోగానే పొరల ఆకారం మారి, వచ్చినదాన్ని లోపలే బిగించేస్తుంది. తలుపు వెనకనుంచి గొళ్లెం పడ్డట్టు. మళ్లీ నీటిలోకి జారిపోదు. రెజిన్ అయితే గట్టి రేడియేషన్‌కు దాని గొలుసులే తెగిపోతాయి, టైటనేట్‌కు ఆ బాధ లేదు.

---

నీళ్లప్లాంటు_అన్న (ఖమ్మం) – మంగళవారం, రాత్రి 9:55

మీ సైన్సు అంతా చదివిన, సగం అర్థమైంది. నేను పదకొండేండ్లుగ ఊళ్లె ఆర్వో ప్లాంటు నడుపుతున్న. చేతితోటి చేసిన సంగతులు చెప్త.

రాళ్లవాగు తమ్మీ, నువ్వు పౌడర్ల ఎంట పడకు. యురేనియానికి ఆర్వో పనిచేస్తది. మా ప్లాంటు నీళ్లు మొన్న టెస్టు చేయిస్తే యురేనియం లోపలికి పోయేటియ్యిట్ల 41 మైక్రోగ్రాములు, బయటికొచ్చేటియ్యిట్ల 2. ఫ్లోరైడు కూడ దాంతోనే తగ్గుతది, నీకు రెండు రోగాలకు ఒక్క మందు. టీడీఎస్ మీటర్ చూపించి ‘చూడు యురేనియం పోయింది’ అంటే మాత్రం నమ్మకు. ఆ మీటర్ మొత్తం ఉప్పును చూస్తది. మైక్రోగ్రాముల లెక్క దానికి కనపడదు. ల్యాబ్ టెస్టే దిక్కు.

ఇంకో మాట. మెంబ్రేన్ మార్చేటప్పుడు ఎప్పుడన్న కోసి చూసినవా? నేను చూసిన. చాప లెక్క చుట్టి ఉంటది, విప్పితే గోధుమరంగు జిగట, తెల్ల సున్నపు పొర. మనం తాగకుండ ఆపిందంతా అక్కడ కొంత, వేస్టు నీళ్లల్ల చాన. ఆ వేస్టు నీళ్లు ఎటు పోతున్నయని ఎవ్వరూ అడుగరు. మా ప్లాంటుది మొదట్ల బోరు పక్కపొంటి ఇంకుడు గుంతలకే పోయేది. నేనే తవ్విచ్చిన ఆ గుంత. ఆరేండ్లు అట్లనే నడిచింది. బోరు నీళ్ల టీడీఎస్ ఏడాదికేడాది పెరుగుతుంటే వానలు లేక అనుకున్న. తర్వాత బుద్ధికొచ్చింది, మేం తీసిన ఉప్పునే మళ్లీ బోరుకు తాపుతున్నమని. ఆ గుంత పూడ్చి పైపు దూరం ఏసిన. ఇప్పటికీ ఆ ఆరేండ్లు యాదికొస్తే నిద్రపట్టదు.

సెండాయ్ తమ్ముడు, నీ నీలం పౌడరు సీజియంను పట్టింది, మంచిదే. పట్టినంక ఆ పౌడర్ను ఏం చేస్తరు?

---

సెండాయ్_తెలుగబ్బాయి – బుధవారం, ఉదయం 7:20

అన్నా, మా రంగంలో అడగాల్సినంతమంది అడగని ప్రశ్న అది. నిజం చెబుతాను.

రేడియోధార్మికతను ఏ పదార్థమూ ‘చంపదు’. ఉన్నచోటు నుంచి ఇంకో చోటుకు మారుస్తుంది, అంతే. వెయ్యి లీటర్లలో పలచగా ఉన్నదాన్ని కిలో పొడిలోకి తెస్తాం. సీజియం 137 అర్ధాయువు 30 ఏళ్లు, స్ట్రాంషియం 90కి దాదాపు 29. పది అర్ధాయువులంటే 300 ఏళ్లు, అప్పటిదాకా ఆ కిలో పొడిని ఎవరో ఒకరు కాపలా కాయాలి. ఫుకుషిమాలో ఆల్ప్స్ నుంచి వచ్చే బురదను, వాడేసిన అధిశోషకాలను గట్టి పెట్టెల్లో పెట్టి అక్కడే నిల్వ ఉంచుతున్నారు. నీళ్లు శుభ్రమయ్యాయని వార్తల్లో వస్తుంది, ఆ పెట్టెల వరసలు అంతగా కనిపించవు.

పైగా ట్రిటియంను వీటిలో ఏదీ పట్టలేదు. అది నీటిలో కరిగిన మలినం కాదు, రేడియోధార్మికమైన హైడ్రోజనే. నీటి అణువులోనే భాగమై ఉంటుంది. నీళ్లలోంచి నీళ్లను ఎలా వడకడతాం? అందుకే వెయ్యికి పైగా ట్యాంకుల్లో దాచిన నీటిని లీటరుకు 1,500 బెకరెల్ కంటే తక్కువకు పలుచన చేసి 2023 ఆగస్టు 24 నుంచి సముద్రంలోకి వదలడం మొదలుపెట్టారు. ఇక్కడి జాలర్ల బాధ వేరే కథ, దగ్గర్నుంచి చూశాను.

ప్రష్యన్ బ్లూకి ఇంకో బలహీనత కూడా ఉంది. క్షారం ఎక్కువైతే విరిగిపోతుంది. సిమెంటులో కలిపి గట్టిపరుద్దామంటే సిమెంటే క్షారం! అందుకే నేను టైటనేట్ గురించి అంత ఇష్టంగా రాశాను. దాన్ని కాల్చితే పింగాణీలా గట్టిపడుతుంది. పట్టుకునే పదార్థమే సమాధి పెట్టె కూడా అవుతుంది. పదార్థం తయారుచేసేవాడు మొదటి రోజే దాని చివరి రోజు గురించి ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

---

అనంత_గృహిణి – బుధవారం, ఉదయం 10:30

బాబూ, ఒక సందేహం. ఆ నానో పొడే నీళ్లలో కలిసి మన కడుపులోకి వస్తే? అంత సన్నం అంటున్నారు కదా. ఏ వడపోతలో ఆగుతుంది?

---

రసాయన_మాష్టారు – బుధవారం, మధ్యాహ్నం 12:40

మంచి సందేహమమ్మా. ఇందుకు మనదేశంలోనే ఒక జవాబుంది. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం ఆర్సెనిక్ కోసం చేసిన అమృత్ అనే పదార్థం. ఆర్సెనిక్ రేడియోధార్మికం కాదు, అయినా పాఠం ఇక్కడికీ పనికొస్తుంది. ఐరన్ ఆక్సీహైడ్రాక్సైడ్ నానో రేణువుల్ని కైటోసాన్ అనే పీచు పదార్థంలోనే పుట్టించి అందులోనే బంధించారు. రొయ్య పెంకుల్లో ఉండే కైటిన్ నుంచి చేస్తారు ఆ కైటోసాన్‌ను. చేతికి తగిలేది ఇసుక పలుకుల్లాంటి గింజలు, లోపల మాత్రం నానో. నీళ్లు ధారాళంగా పోతాయి, రేణువులు కదలవు.

విడి పొడిని క్యాట్రిడ్జ్‌లో కుక్కితే రెండే జరుగుతాయి. నీళ్లు పారకుండా అడ్డుకుంటుంది, లేదంటే కొట్టుకుపోతుంది. యురేనియం పట్టిన రేణువు కొట్టుకుపోతే మరీ అన్యాయం, పలచగా ఉన్నది ముద్దగా గ్లాసులోకి వస్తుంది.

సున్నా వేలెన్సీ ఇనుము (తుప్పు పట్టని, లోహరూపంలోని ఇనుము) నానో రేణువులతోనూ యురేనియంను తీయొచ్చు. అవి కరిగే రూపాన్ని కరగని రూపంగా మార్చి కింద కూర్చోబెడతాయి. కానీ గాలి తగిలితే అది మళ్లీ కరిగి లేస్తుంది. ఇంటి ఫిల్టరులో గాలి తగలకుండా ఉంచడం ఎవరి తరం?

రాళ్లవాగూ, ఆ అమ్మేవారిని మూడు అడుగు. ఒకటి, ఏ నీళ్లతో పరీక్షించారు? బైకార్బనేటు, కాల్షియం ఉన్న బోరు నీళ్లతో చేసిన రిపోర్టు ఉందా? రెండు, 2 వేల లీటర్లు పోయాక బయటికి వచ్చే నీటిలో ఎంత ఉంది? మొదటి లీటరు లెక్క అక్కర్లేదు. మూడు, వాడేసిన క్యాట్రిడ్జ్‌ను తిరిగి ఎవరు తీసుకుంటారు? అది రాతపూర్వకంగా ఉండాలి.

---

రాళ్లవాగు – గురువారం, రాత్రి 8:45

అడిగిన సార్. మొదటిదానికి ‘అన్ని నీళ్లకూ ఒక్కటే’ అన్నడు. రెండోదానికి మళ్లీ అదే గ్రాఫ్ పంపిండు. మూడోదానికి ‘చెత్తల పారెయ్యండి, ఏం కాదు’ అన్నడు. వద్దని చెప్పిన.

ప్లాంటు అన్న చెప్పినట్టు ఆర్వో తీసుకుంటున్న. కానీ మీ ముచ్చట చదివినంక ఒకటి కొడుతున్నది. దాని వేస్టు నీళ్లల్ల ఇంకా ఎక్కువుంటది కదా? మా బాయి కాడ జామచెట్లున్నయి, అమ్మ ఆ నీళ్లు వాటికే పోస్తానంటది.

---

పెన్నా_తీరం – గురువారం, రాత్రి 9:20

అన్నా, లెక్క చూద్దాం. ఇంటి ఆర్వో ఒక భాగం మంచినీళ్లిచ్చి మూడు భాగాలు వదిలితే, వదిలిన నీళ్లలో యురేనియం 90 దాకా ఉంటుంది. మీ పొలానికి ఇప్పటికే 68 ఉన్న నీళ్లు వేల లీటర్లు పారుతున్నాయి. కాబట్టి రోజుకు 30 లీటర్ల 90తో చెట్లకు కొత్త ముప్పేమీ రాదు. అంట్లు తోమడానికి, వాకిలి కడగడానికి వాడుకోండి. బోరు మొదట్లో మాత్రం నిలవనీయొద్దు. ఊరంతటికీ ఒకే ప్లాంటు అయితే లెక్క వేరే, ఖమ్మం అన్న చెప్పిందదే.

---

నీళ్లప్లాంటు_అన్న – గురువారం, రాత్రి 9:31

అవును. బోరుకు దూరం, గంతే. మెంబ్రేన్ మార్చినప్పుడు పాతది సర్వీసోనికే అప్పజెప్పు, ఇంట్ల పెట్టుకోకు, కాలవెట్టకు.

---

రాళ్లవాగు – 19 రోజుల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:15

రిజల్ట్ వచ్చింది. ఆర్వో నీళ్లు: యురేనియం 2 మైక్రోగ్రాములు, ఫ్లోరైడ్ 0.2. వేస్టు నీళ్లు కూడ ఇచ్చిన, యురేనియం 88. పెన్నా తీరం తమ్ముడు చెప్పిన లెక్కకు దగ్గర్నే ఉంది.

అమ్మ మొదటి గ్లాసు తాగి ‘నీళ్లు సప్పగున్నయిరా, మన నీళ్ల లెక్క లేవు’ అన్నది. పదిహేనేండ్లు ఆ రుచే నీళ్లనుకున్నది పాపం. నాయిన మాత్రం ఏమనలే, చెంబు నింపుకొని మంచం పక్కకు పెట్టుకున్నడు. వచ్చే నెల మళ్లీ క్రియాటినిన్ టెస్టు ఉంది. డాక్టరుగారు రిపోర్టు ఫైల్ల పెట్టుకున్నరు. చుట్టుపక్కల ఆరు బోర్ల నీళ్లు కూడ పరీక్షకు పంపిన, మా మేనత్త వాళ్లది ఒకటి.

---

సెండాయ్_తెలుగబ్బాయి – సోమవారం, ఉదయం 6:30

అన్నా, ఈ పోస్టు పొద్దున్నే చదివి చాలా సంతోషించాను.

ఒక సాయం కావాలి. మాష్టారు అన్న మాట నన్ను వదలడం లేదు, తేలిక నీటితో మొదలై అక్కడే ఆగిపోతున్నామని. మా పక్క బెంచీలో అమిడాక్సిమ్ అంటించిన గింజల మీద పనిచేస్తున్న అమ్మాయికి మీ సంగతంతా చెప్పాను. తను ఇప్పటిదాకా పీహెచ్ 5 దగ్గరే పరీక్షించిందట. మీ బోరు నీళ్లలాంటి నీటినే ల్యాబులో తయారుచేసి పరీక్షిస్తానంటోంది. మీ పూర్తి రిపోర్టులోని అంకెలు ఇవ్వగలరా? పీహెచ్, బైకార్బనేటు, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, సల్ఫేటు. ఫలితం ఎలా వచ్చినా ఇక్కడే చెబుతాను. పట్టకపోయినా చెబుతాను.

---

రాళ్లవాగు – సోమవారం, ఉదయం 8:02

ఎందుకియ్యను తమ్ముడు. రాసుకో:

పీహెచ్ 7.4. బైకార్బనేటు 390. కాల్షియం 84. మెగ్నీషియం 38. సోడియం 112. సల్ఫేటు 46. క్లోరైడు 130, నువ్వడగలే గానీ ఉంది. అన్నీ లీటరుకు మిల్లీగ్రాములల్ల. మేనత్త వాళ్ల బోరుది బుధవారం వస్తది, అది కూడ పెడత.